యాభై మంది ఎక్కినారనుకొని

టీ చల్లారిపోయింది.
ఖలందర్ మాత్రం ఇంకా మూడో లెవెల్లోనే ఉన్నాడు.
"కోట గోడ ఎక్కగూడదురా, కింద నీళ్ళల్లో దావ ఉంటాది."
"నీళ్ళల్లో దూకితే సస్తాడు, నేను దూకి సూసినా."
"నీకు దూకడం రాక సచ్చినావ్ మద్దిలేటీ."
ముప్పై ఏండ్ల కింద పోయిన ప్రాణాల మీద
ఇప్పుడు పంచాయితీ.

కర్నూలు, మే నెల, రాత్రి పది.
కె.సి. కాలవ గోడ ఇంకా పెనం మాదిరే ఉంది.
నలుగురం కూర్చున్నాం,
ఒక పక్క కాలినాక ఇంకో పక్కకు ఒరుగుతా.

పసుపు పచ్చ క్యాసెట్టు,
మీద తొమ్మిది వేల ఆటలని రాసుంటాది.
లెక్కపెడితే ఏడు.
మిగతావన్నీ ఆ ఏడే, చొక్కాలు మార్చుకొని.
ఆడకపోతే ఊదేది.
ఊదితే ఎందుకు ఆడతాదో
పాలిటెక్నిక్ చదివిన మద్దిలేటికి ఇప్పటికీ తెల్దు.

అట్లట్లే మాట సెలవుల మీదికి జారింది.
ఖలందర్ వాళ్ళది ఏటా గుత్తి, నానీ ఇల్లు.
పదహారు మంది పిల్లోళ్ళు, ఒకటే టేబుల్ ఫ్యాను.
అది ఎవరి దిక్కు తిరిగితే
వాళ్ళు ఆ రెండు నిమిషాలు నిద్రపోయేటోళ్ళు.
మద్దిలేటి వాళ్ళు బెలుం గుహలకు పోయి
చిత్రాన్నం డబ్బా లోపల మర్చిపోయి వచ్చినారు.
గుహలు ఎట్లున్నాయంటే వాళ్ళమ్మ
పేరు చెక్కించిన డబ్బా గదరా అంటాది.

మాది ఆర్టీసీ ఇల్లు. సెలవంటే ఫ్యామిలీ పాసు.
నాయనకు కిటికీ వద్దు, డ్రైవర్ ఎనక సీటే కావాల.
మలుపొస్తే కుడికాలు నేలకేసి తొక్కేటోడు,
అక్కడ లేని బ్రేకును.

హైదరాబాద్ ఎగ్జిబిషన్లో
బిళ్ళ వేస్తే పరిగెత్తే కారాట.
"నువ్వయితే గెలుస్తావు నాయనా" అని నేనే కూర్చోబెట్టినా.
ఇరవై రెండేండ్ల సర్వీసు, ఒక్క యాక్సిడెంటు లేదు,
డిపోవాళ్ళిచ్చిన గడియారం ఇంట్లో గోడకుంది.
అద్దం సర్దుకోబోయినాడు. అద్దం లేదు.
ఎనకొచ్చిన ప్రతి బండికీ దారిచ్చినాడు.
మలుపు మలుపుకూ హారన్ కోసం తడిమినాడు.
సగం దావలోనే టైమైపోయింది.
లైన్లో పిల్లోళ్ళు నవ్వినారు.
నేనూ నవ్వినా, ఆళ్ళకన్నా గట్టిగా,
ఆ మనిషి ఎవరో నాకు తెల్దన్నట్టు.
దిగి, చొక్కా గుంజుకొని అన్నాడు:
"యాభై మంది ఎక్కినారనుకొని నడిపినా లేరా."

ఖలందర్‌కు నవ్వి నవ్వి పొలమారింది.
ఉరుకుందు నవ్వలా.

"మేం యాడికీ పోలా" అన్నాడు.
"ఆదోని. మాయమ్మ జిన్నింగు మిల్లుకు పొయ్యేది.
ఒకరోజు కట్టె తీసుకోని గేముల షాపుకే వచ్చింది, నా కోసరం.
అప్పుడే మంచు లెవెల్ వచ్చింది.
టీవీ నిండా తెలుపు.
పత్తి అనుకొన్యాదో ఏమో, అట్లే నిలబడింది.
ఇది ఏ ఊర్రా అనింది.
ఊరు కాదుమా, ఆట.
ఈడ ఎండ లేదు గదరా, అనింది.
నేను బొమ్మను ముందుకు నడపలా.
టైము అయిపొయ్యేదాకా
అట్లే మంచులో నిలబెట్టినా."

కాలవలో ఏదో చేప ఎగిరి పడింది.
ఎవరూ ఏం అనలా కొంచేపు.

"మళ్ళ కొట్టిందా?" ఖలందర్ అడిగినాడు.
"కొట్టింది. ఇంటికి పోయినాక."

పదకొండున్నరకు లేసినాం.
రాజ్‌విహార్ దగ్గర రోడ్డంతా ఖాళీ,
సిగ్నల్ ఒకటే పచ్చగా మిణుకు మిణుకుమంటాది.
కారులో నేనొక్కన్నే.
స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాలు ఎక్కించి
ఎనక చక్రాలు నిదానంగా దించినా,
ఎవరో నిద్ర లేస్తారన్నట్టు.

ఇంటికొచ్చేసరికి ఫోన్లో ఖలందర్ గొంతు:
"రేయ్, మద్దిలేటికి చెప్పు.
దూకేది ఎడం పక్కకంట.
మా చిన్నోన్ని లేపి అడిగినా."